మూలన నంబరు వేసిన కాగితాలు

మా చెల్లెలి కూతురు పిల్లల మనసుల్ని కొలుస్తుంది. టేపు పెట్టి కాదు, ముప్పై వాక్యాలున్న కాగితంతో. "దిగులు పడితేనే నా పనులు సరిగ్గా జరుగుతాయి", "నా ఆలోచనల్ని నేను ఆపలేను" లాంటి వాక్యాలవి. ఒప్పుకోను, కొంచెం, చాలావరకు, పూర్తిగా అని పక్కన నాలుగు గడులు. తమ ఆలోచనల గురించి పిల్లలు ఏమనుకుంటారో, దానికీ వాళ్ళ దిగులుకీ లంకె ఏమిటో తేల్చాలని పది బళ్ళు తిరిగింది. మా వాళ్ళలో కాలేజీలో పాఠం చెప్పే దాకా వెళ్ళింది ఈ పిల్ల ఒక్కతే.

పదకొండోది మా హైస్కూలు. పల్లె బడిలో ఐదు చదివిన నేను ఇక్కడ ముప్పై నాలుగేళ్లు అటెండరుగా చేశాను. ఒక్కనాడూ గంట ఆలస్యంగా కొట్టలేదు. పరీక్షల్లో ఒక్క కాగితం తారుమారు కానివ్వలేదు. అందుకే రిటైరయ్యాక కూడా పిలుస్తారు. అంతటి వాణ్ణి, ఆమె పని దాదాపు పాడుచేశాను.

ఆమె బోర్డు దగ్గర నిలబడి, "పేర్లు రాయక్కర్లేదు, ఎవరు ఏం రాశారో నాక్కూడా తెలీదు" అని చెబుతోంది. నేను బెంచీ బెంచీకీ కాగితాలు పంచాను. పిల్లలు కాగితం మూల చూశారు, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

విరామంలో ఆమె కట్ట తిరగేసింది.

"మావయ్యా, ఏంటీ నంబర్లు?"

"రోల్ నంబర్లేనమ్మా. కలిసిపోతాయని పొద్దున్నే నేనే వేశా. ఎంత వరసగా ఉన్నాయో చూడు."

"తొంభై రెండు మందిలో ఒక్కరికీ దిగుల్లేదట!"

"మన బడంటే మాటలా మరి!"

"హెడ్మాస్టారు చూస్తారని భయపడి రాశారు మావయ్యా. ఇవి దేనికీ పనికిరావు."

కట్ట చేతిలోకి తీసుకుని, "మళ్ళీ రాయిద్దాం" అన్నాను.

"ఇక నా మాట నమ్ముతారా?"

మర్నాడు క్లాసులో నేనే నిలబడ్డాను. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నా సర్వీసులో లేదు. "నంబర్లు వేసింది నేను. మేడం చెప్పలేదు, హెడ్మాస్టారు అడగలేదు. పొరపాటు నాది" అన్నాను.

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "పాతవి ఏం చేస్తారు తాతా?" అంది.

"ఎవరిది వాళ్ళకిస్తా. మీరే చించెయ్యండి."

నంబరు పిలిచి ఒక్కొక్కటీ ఇచ్చాను. గదంతా చింపిన చప్పుడు, నవ్వులు. అప్పుడు కొత్తవి పంచాం. నింపినవి మడిచి వాళ్ళే అట్టపెట్టెలో వేశారు.

సాయంత్రం ఆమె లెక్క తీసింది. ఆలోచనల్ని ఆపలేనన్న వాక్యం పక్కన "పూర్తిగా" అన్న గడిలో ముప్పై ఏడు టిక్కులు.

"ఎవరే వాళ్ళు?"

"తెలీదు. తెలీదు కాబట్టే చెప్పారు."

అన్నేళ్లు రోజూ ఆ వయసు పిల్లల్ని చూసిన వాణ్ణి, ఒక్కరినీ పోల్చుకోలేకపోయాను.

ఆమె హెడ్మాస్టారితో మాట్లాడి, బుధవారాలు పిల్లలు వచ్చి తనతో మాట్లాడడానికి ఒక గది అడిగింది. వచ్చినవాళ్ళ పేర్లు రాసే రిజిస్టరు వద్దంది. మొదటి బుధవారం ఐదుగురు వచ్చారు. ఎవరో నేను చెప్పలేను. వరండా చివర కుర్చీ వేసుకుని, గదికి వీపు పెట్టి కూర్చున్నాను. అడుగుల చప్పుడు మాత్రం లెక్కపెట్టాను.