కెమెరాకు నచ్చిన పెసరట్టు

మొన్న మా మేనకోడలు నా ఫోన్‌కి ఒక వీడియో పంపింది, "మామయ్యా, అమ్మ ఎంత హ్యాపీగా ఉందో చూడు!" అంటూ. అమెరికాలో అక్కావాళ్ళుండే జెర్సీ సిటీ, వలస వచ్చినవాళ్ళతో మారిపోతున్న రోజుల్లో టీవీవాళ్ళు తీసిన డాక్యుమెంటరీ అది. ఎవరో పుణ్యాత్ములు ఇన్నేళ్ళకు తవ్వి తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ పుణ్యం వాళ్ళకే ఉండనీ, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

న్యూయార్కులో ఆ జంట భవనాలు కూలిన ఏడాది చలికాలం, నేను కొత్త ఉద్యోగంలో చేరి అక్కావాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఒక సాయంత్రం రైలు దిగి కూరగాయల సంచీతో నడిచి వస్తున్న బావగారిని, నువ్వు ఏ దేశంవాడివో మాకు తెలుసులే అంటూ నలుగురు కుర్రాళ్ళు పట్టుకుని కొట్టారు, మోకాలి చిప్ప పగిలేదాకా. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, వెళ్ళిపోయారు. ఆ తరువాత అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా చూస్తున్నాం అనడమే. అందుకే, వలస వచ్చిన కుటుంబాల కష్టసుఖాలు అడుగుతామంటూ టీవీవాళ్ళు తలుపు తట్టినప్పుడు, నలుగురికీ తెలిస్తే అప్పుడైనా కేసు కదులుతుందని అక్క ఆశపడింది. ఎవరడిగినా అంతా బాగుందనే మనిషి, ఆ రోజు తనకొచ్చిన ఇంగ్లీషులోనే, ఏడుపు దిగమింగుకుంటూ మొత్తం చెప్పింది. బావగారు ప్యాంటు పైకి మడిచి కుట్లు చూపించారు.

అక్కడితో పంపించేస్తే బాగుండేది. కానీ మన బుద్ధి ఊరుకుంటుందా! "ఇంటికొచ్చినవాళ్ళు ఉత్త కడుపుతో పోతారా, టూ మినిట్స్ వెయిట్ చేయమని చెప్పరా" అని నాతో అంటూనే అక్క కళ్ళు తుడుచుకుని పెనం పెట్టింది. వాళ్ళు సర్దేసిన కెమెరా మళ్ళీ బయటికి తీశారు.

ప్రసారమైన రోజు చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ మా హాల్లో చేరారు. వెనక సితారు మోగుతుండగా తెర మీద అక్క పెసరట్టు తిరగేసింది, నవ్వింది, ఊరికి కొత్త రుచులొచ్చాయని ఎవరో గంభీరంగా చెప్పారు, అంతే. "మన సంగతి ఏదోయ్?" అని బావగారు నన్నడిగారు. వచ్చినవాళ్ళేమో చప్పట్లు కొడుతున్నారు. అక్క వాళ్ళకు కాఫీ కలపడానికి లేచింది. మళ్ళీ ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు, అప్పుడు చంకలో ఉన్న కూతురు పెద్దదయ్యాక కూడా.

ఇప్పుడు ఆ వీధిలో మన టిఫిన్ల కోసం అన్ని రంగులవాళ్ళూ వరసలో నిలబడుతున్నారు. చూసి సంతోషించాలి కాబోలు, నాకు చేతకావడం లేదు. మన వంట ఒప్పుకోవడానికి ఆ ఊరికి ఎంతోకాలం పట్టలేదు, మన మాట వినడానికే తీరిక చిక్కలేదు. బావగారు పోయేదాకా కుంటుతూనే నడిచారు. కాలికేమైందని ఎవరడిగినా, చివరికి కన్నకూతురు అడిగినా, మంచులో జారిపడ్డాననే చెప్పారు.