చిన్నాన్న ఎక్కని విమానం

నా చిన్నప్పుడు షార్జాలోని మా ఫ్లాటు నుంచి ఎవరైనా ఇండియాకు బయలుదేరుతున్నారంటే నాకు పండగే. అట్టపెట్టెకు నైలాన్ తాడు చుట్టడం, కొక్కెం త్రాసుకు తగిలించి తూచడం, బరువెక్కువైతే మళ్లీ విప్పి పాలపొడి డబ్బా తీసేయడం, అన్నింట్లోనూ నేనే ముందుండాలి. ఆ శుక్రవారం వంతు జెబెల్ అలీలో కార్మికుల క్యాంపులో ఉండే మా చిన్నాన్నది. కరోనా వల్ల రెండేళ్లుగా ఊరికి పోలేక, పుట్టిన కూతుర్ని ఫోన్లో తప్ప చూడలేదు. సాయంత్రమే విమానం. ఇంట్లో నా కాలు నిలవడం లేదు.

మధ్యాహ్నం పెట్టె ఎత్తి తూచాక చిన్నాన్న ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. ఏసీ చల్లగా ఉన్నా చొక్కా తడిసిపోయింది. "మటన్ ఎక్కువ తిన్న, గ్యాస్ పట్టింది. జర సోడా తే బిడ్డా," అన్నాడు. పెట్టె ఎత్తితే కండరం పట్టేసిందన్నాడు నాన్న. అమ్మ వాము నలిపింది. ఎవరి వైద్యం వారిది! నేనూ తక్కువ తినలేదు. సోడాతో పాటు నొప్పుల మందు కూడా తెచ్చి గొప్పగా నిలబడ్డాను.

హడావిడి విని పక్కింటి అక్క వచ్చింది. ఆమె నర్సు. నొప్పి ఎక్కడిదాకా పోతోందని అడిగింది. ఛాతీ మీద బండ పెట్టినట్టుందని, ఎడమ చెయ్యి, దవడ లాగుతున్నాయని అన్నాడు చిన్నాన్న. అక్క సోడా పక్కన పెట్టించి, వెంటనే నాన్నతో అంబులెన్స్‌కి ఫోన్ చేయించింది. చిన్నాన్న ససేమిరా అన్నాడు. "దవాఖానకు పోతే ఇయ్యాల నన్ను ఇడువరు. ఫ్లైట్ పోతే నా బిడ్డ మొఖం ఎప్పుడు సూడాలె?" అని ఏడ్చినంత పని చేశాడు.

అక్క, విమానం ఎక్కాలంటే చూపించాల్సిన అతని కరోనా పరీక్ష కాగితం, పీసీఆర్ రిపోర్టు తీసి అటూ ఇటూ తిప్పింది. "అయ్యో అన్నా, దీని మీద ముద్రే లేదు! ఇట్ల పోతే కౌంటర్ కాడనే ఆపుతరు. అంబులెన్సుల పోయి దవాఖానల ఏయించుకుందాం, యల్లా, నడువు!" అని కాగితం తన సంచిలో పెట్టేసుకుంది. ముద్ర ఉంది. నేను చూశాను. నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. అంబులెన్స్ రాగానే చిన్నాన్న స్ట్రెచర్ ఎక్కాడు. సైరన్ మోగుతుంటే భయం ఒకపక్క, అక్క తెలివికి మురిపెం ఒకపక్క నాకు.

గుండెకు పోయే రక్తనాళం మూసుకుపోయిందట. ఇంకాసేపు ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. ప్రాణం నిలిచిందన్న కబురు రాగానే మెట్ల మీద కేకలు పెడుతూ పరుగెత్తాను. డాక్టర్లు సరేనన్నాక చిన్నాన్న ఊరెళ్లి, తనను చూసి ఏడుస్తూ పారిపోతున్న కూతురి వీడియో పంపాడు.

"వట్టి గ్యాసే అయ్యుంటే ఏం చేసేదానివక్కా?" అని ఒకరోజు అడిగాను.

"అయితే మంచిదే కదనే! అందరు నన్ను తిట్టుకుంట ఇంటికొచ్చేటోళ్లు. గ్యాసో, గుండెనో నాకు మాత్రం ఏం తెలుసు? తెల్వదు కాబట్టే పోవాలె," అంది.

ఇప్పటికీ ఎవరైనా ఛాతీ పట్టుకుంటే ఏం తిన్నావని అడగను. ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాను. అలా నేను పంపినవాళ్లలో ఇద్దరికి వట్టి గ్యాసేనని తేలింది. ఇల్లు చేరేదాకా నన్ను తిడుతూనే ఉన్నారు. ఆ తిట్లు వింటుంటే నాకెంత హాయిగా అనిపించిందో!