బాబాయి మెడలో కండువా

మా ఊళ్లో మనిషి పోతే పూలదండ కంటే ముందు పార్టీ జెండా వస్తుంది. శవం మీద ఏ రంగు కప్పారా అని రెండు పార్టీల వాళ్లూ మెడలు సాచి చూస్తారు. ఈ దరిద్రం చూస్తే నాకు ఒళ్లు మంట. మా బాబాయికి నాకంటే ఎక్కువ మంట.

ఆయన నేవీలో మెరైన్ కమాండోగా చేశాడు. సముద్రం మొహం చూడని మా పల్నాడులో ఆ ముక్క ఎవరికి తలకెక్కుతుంది? అందరికీ ఆయన 'మిలట్రీ ఆయనే'. టీకొట్టు దగ్గర ఎవడైనా ఎంతమందిని చంపావని అడిగితే గ్లాసు అక్కడే పెట్టి వచ్చేసేవాడు. నాకు మాత్రం చెప్పేవాడు. ఆయనకు పని నేర్పిన పాతవాళ్లు డెబ్బై ఒకటి యుద్ధంలో తమ ఓడ మునగడం కళ్లారా చూసినవాళ్లట. ఈయన వంతుకు శ్రీలంకలో పోరు వచ్చింది. రబ్బరు పడవల్లో ఒడ్డుకు చేరడం, తడిసిన బట్టలతోనే కాల్పుల్లోకి దిగడం. సునామీ వస్తే అవే పడవల్లో శవాలను చేరవేశారు. తర్వాత చేరిన కుర్రాళ్లు సముద్రపు దొంగల మీదికి పోయారు.

"పడవలో పక్కనోడు ఎవురికి ఓటేస్తాడో నాకు తెలవదురా. నీళ్లల్లో పడితే పైకి లాగింది వాడే. నేను పోయినాక నా మీద ఏ పార్టీ గుడ్డా పడనీయమాక," అన్నాడు ఒకరోజు. ఆ మాట కొడుక్కి చెప్పలేదు. కొడుకు, అంటే మా అన్న, సర్పంచి పదవి కోసం పార్టీ ఆఫీసు గడప అరగదీస్తున్నాడు.

మొన్న ఎండాకాలం బాబాయి పోయాడు. పాడె మీద పడుకోబెట్టామో లేదో, అన్న జెండా పట్టుకొచ్చాడు. వెనకాల ఫోన్లు పైకెత్తుకుని వాళ్ల మంద. నేను అడ్డం నిలబడి, ఆయన వద్దన్నాడని చెప్పాను. జెండా లేకపోతే అవతలి పార్టీవాళ్లు ఈయన మావాడేనని చెప్పుకుంటారట! తండ్రి శవం ముందు ఆ లెక్కలు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి. పిన్ని పాడె పక్కనుంచి లేవకుండానే అంది.

"ఆ గుడ్డ కప్పితే శవాన్ని లేవనీయను."

అన్న జెండా మడిచి చంకలో పెట్టుకున్నాడు. బాబాయి తెల్ల పంచెతోనే కాటికి పోయాడు. మాట నిలబెట్టానని నేను అనుకున్నాను.

పెద్దకర్మ నాటి పొద్దున బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. బాబాయి పాత ఫొటో, తెల్లటి నేవీ యూనిఫాం, దాని మీద మెడ చుట్టూ పార్టీ కండువా. కంప్యూటర్లో వేయించారు. పక్కన చేతులు జోడించి మా అన్న. కొబ్బరికాయల కొట్టులో కత్తి అడిగి తీసుకుని పైకెక్కాను. కండువా ఒక్కటే కోద్దామని చూశాను. కోస్తే బాబాయి మెడ తెగుతుంది. మొత్తం చింపి కింద పడేశాను.

అన్న నా మీద కేసు పెట్టాడు. వాయిదాలకు గురజాల కోర్టుకు తిరుగుతున్నాను. చింపింది నేను కాదని చెప్పమంటాడు వకీలు. చెప్పను.