ఓదెలు కాక కోసిన కొమ్మ

2022 చలికాలం. మంచిర్యాల దగ్గర ఉద్యాన అధికారిగా పనిచేస్తున్నాను. నస్పూర్ నుంచి లచ్చవ్వ అనే ఆమె ఫోన్ చేసింది. "బిడ్డా, మా ఆపిల్ చెట్లకు ఏందో రోగం వచ్చింది. మా ఆయన కత్తెర ముట్టనిస్తలేడు. జర నువ్వొచ్చి చెప్పు."

మన ఎండలకు తట్టుకునే ఆపిల్ రకాలు వచ్చాక ఇక్కడా కొందరు ఇష్టంగా నాటుతున్నారు. లచ్చవ్వ భర్త ఓదెలు బొగ్గుబాయిలో పైకప్పు కూలిన ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. పెట్టుడు కాలుతోనే ఇంటి వెనక జాగాలో ఆపిల్ మొక్కలు పెంచాడు. వాటికి మూడేళ్లు నిండినా ఒక్క కొమ్మా కోయలేదు. లేత చెట్టుకు మొదటి ఏళ్లలోనే ప్రూనింగ్, అంటే కొమ్మల కత్తిరింపు, చేయాలి. లేకపోతే నడుమ గాలి ఆడదు, వానకు తడిసిన ఆకు ఆరదు, శిలీంధ్రాలు చేరతాయి. నేను వెళ్లి చూస్తే అక్కడ జరిగింది అదే. అన్నిటికన్నా ఏపుగా ఉన్న చెట్టుకు క్యాంకర్ పట్టింది. బెరడు కుంగి, నల్లబడి, పగుళ్లు వారే తెగులు అది. రెండు పెద్ద కొమ్మల్లో ఒకదాని మీద ఉంది. మొదలు దాకా ఇంకా దిగలేదు.

"కాకా, ఈ కొమ్మ తియ్యాలె. లేకుంటే చెట్టే పోతది."

"మందు కొట్టుండ్రి మేడం."

"మందు కొత్తగ అంటకుండ ఆపుతది గని, లోపలికి దిగినదాన్ని తియ్యదు."

ఆయన ఇంట్లోకి వెళ్లిపోయాడు.

లచ్చవ్వ నా పక్కన కూర్చుంది. "దవాఖానల ఆయనకు సోయి లేకుండె బిడ్డా. ముందుగాల పాదం తీసిండ్రు. మళ్ల పైకి నల్లగైంది. మోకాలు కింది దాక తియ్యాలె, లేకుంటే మనిషి దక్కడు, ఏమంటవమ్మా అనిరి. నేనే తియ్యుండ్రి అన్న. సోయి వచ్చినంక చూసుకున్నడు గని, నన్నొక్క మాట అనలే. మంచిగ చేసినవనలే, చెడ్డగ చేసినవనలే. అడుగుదామంటే నాకు ధైర్యం రాలే."

ఇంతలో ఓదెలు "చెట్టే పోతదంటిరి గద" అంటూ రంపం పట్టుకుని వచ్చాడు. తెగులు అంటకుండా రంపం పళ్లకు స్పిరిట్ రాసి, మచ్చకు జానెడు కింద కోయమన్నాను. ఆయనకు మనసొప్పలేదు. మచ్చ అంచునే రంపం పెట్టాడు. కొమ్మ పడింది. తెగిన చోట నడుమ ఇంకా గోధుమరంగు కనిపించింది.

"లోపల ఇంకా ఉంది కాకా. కిందికి పోవాలె."

ఆయన వంగి ఆ మచ్చను చూశాడు. తర్వాత తల ఎత్తకుండానే పిలిచాడు. "ఏమే, ఇటు రా. ఏడ కొయ్యాల్నో నువ్వు చెప్పు."

"నాకేం తెల్సయ్యా? మేడంను అడుగు."

"ఆనాడు నువ్వే గద చెప్పింది. నువ్వు గట్ల చెప్పకపోతే నేనేడుందును, గీ చెట్లేడుండు?"

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గరికి వచ్చి, మొదలుకు కాస్త పైన, శుభ్రమైన బెరడు మీద వేలు పెట్టి నావైపు చూసింది. సరే అన్నట్టు తలూపాను. బెరడు చీలకుండా ఆమె కొమ్మ పట్టుకుంటే ఆయన కోశాడు. ఈసారి లోపల తెల్లగా, తడిగా ఉంది.

గాయానికి బోర్డో పేస్ట్ పూయాలి. మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద అది, తెగులును లోపలికి రానివ్వదు. లచ్చవ్వ కుంచె తీసుకుని, పూసిన చోటే మళ్లీ మళ్లీ పూస్తోంది. "ఇగ చాలు చిన్నమ్మా" అన్నాను.

"పూయనియ్యుండ్రి మేడం" అన్నాడు ఓదెలు.

మిగతా చెట్లు ముగ్గురం కలిసి కత్తిరించాం, తెగులు కొమ్మలు కాల్చేశాం. ఎండలు ముదరకముందే ఆ చెట్టు చిగురించింది. ఇప్పటికీ దానికి కొమ్మలు ఒక పక్కే ఉన్నాయి, కానీ కాస్తోంది.

రైతు కొమ్మ కోయనంటే అది మొండితనమని ఇప్పుడు నేను అనుకోను. రంపం సంచిలోనే ఉంచి ఆ ఇంటివాళ్లతో కాసేపు కూర్చుంటాను. తెగులు పట్టిన కొమ్మ ఎటూ కోయాల్సిందే. ఆ పని ఇంట్లోవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని చేస్తే, చెట్టుకన్నా ముందు మనుషులు తేరుకుంటారని నస్పూర్‌లో చూశాను.