ఓదెలు కంటి పొర

నవీన పంజగుట్టలో ఒక కంటి ఆసుపత్రిలో పదేళ్లుగా నర్సు. పోయిన ఏడాది డాక్టరమ్మ ఆమెకు కొత్త పని అప్పగించింది. కంటి నల్లగుడ్డు మీదికి పాకిన కండను కోసి తీశాక, ఆ చోట పలచని పొర అతికిస్తారు. కాన్పయిన తల్లులు దానమిచ్చిన మావిలోంచి తీసిన పొర అది. గడ్డకట్టించి మంచులో దాచింది ఒక రకం, ఆరబెట్టి దాచింది ఇంకో రకం. ఏది పెడితే కన్ను బాగా మానుతుందో, కండ మళ్లీ పెరగకుండా ఉంటుందో అరవైమందిలో పోల్చి చూడాలి. ఎవరికి ఏది పెట్టారో రోగికీ తెలియకూడదు, నవీనకూ తెలియకూడదు. ఆ వివరాలు సీలు వేసిన కవర్లలో ఉంటాయి. ఆరు నెలలకు అందరినీ చివరి చెకప్‌కు రప్పించడం ఆమె పని.

యాభైతొమ్మిది మంది వచ్చారు. ఓదెలు రాలేదు.

అతను అమీర్‌పేట మెట్రో కింద షేర్ ఆటో నడుపుతాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "బేగంపేట దాటిన మేడం, పది నిమిషాలల్ల ఉంట" అంటాడు. రెండు వారాలు అదే మాట. గడువు ఇంకో రెండు రోజులుందనగా నవీనకు విసుగు తలకెక్కింది. డ్యూటీ మధ్యలోనే అమీర్‌పేట పోయి, బల్కంపేట ఆటోల వరసలో అతన్ని పట్టుకుంది.

"ఏందన్నా, నన్నెందుకు ఇట్ల సతాయిస్తున్నవ్?"

ఓదెలు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నేను రాను మేడం. గీ పక్క ఆటో ఫక్రుద్దీన్ భాయ్‌ది, నాది ఒక్కరోజే ఆపరేషన్. ఆయన కన్ను పదిహేను రోజులల్ల తెల్లగైంది. నాది నెలన్నర ఎర్రగనే ఉండె. ఆయనకు మంచుల పెట్టిన మంచి పొర ఏసిన్రు, నాకు ఎండబెట్టింది ఏసిన్రు."

"నీకెవరు చెప్పిన్రు?"

"చెప్పుడెందుకు, కనవడతలేదా?"

"ఎవరికేది పెట్టిన్రో నాకే తెల్వదన్నా. దుమ్ముల తిరగకు, నెలరోజులు ఇంట్ల ఉండమంటే మూడో రోజే ఆటో తీస్తివి. ఎర్రగ గాక ఏమైతది?"

నవీన వెనక సీట్లో కూర్చుని, "పంజగుట్ట పోనియ్" అంది. కాసేపు చూసి, ఆమె దిగేలా లేదని అతను ఆటో తీశాడు.

డాక్టరమ్మ కన్ను పరీక్షించింది. పొర చక్కగా అతికింది, కండ మళ్లీ పెరగలేదు.

నెల తర్వాత కవర్లు విప్పారు. ఓదెలుకూ ఫక్రుద్దీన్‌కూ పెట్టింది ఆరబెట్టిన పొరే. అరవైమందిలో చూసినా రెండు రకాలకూ పెద్ద తేడా కనిపించలేదు. నవీన ఆ సంగతి ఫోన్ చేసి చెప్పింది.

ఓదెలు వెంటనే అడిగాడు. "మరి ఆ మంచులది ఎవరికేసిన్రు మేడం?"

"కన్ను మంచిగున్నదా లేదా, అది చెప్పన్నా."

"మస్తుగున్నది."

ఆమె ఫోన్ పెట్టేసింది.