తల ఊపిన పాపానికి

2024 వేసవి. దోహాలో పొద్దున్నే కారు తలుపు పట్టుకున్నా చెయ్యి చురుక్కుమనే రోజులు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డు, అందులో నలుపూ తెలుపూ మెలికల స్టిక్కర్లు ఒళ్ళంతా చుట్టుకున్న ఎలక్ట్రిక్ కార్లు, వాటి మధ్య లాప్‌టాప్ పట్టుకుని నేను. ఇంకా మార్కెట్లోకి రాని కారు రూపం బయటివాళ్ళకు తెలియకూడదని ఆ స్టిక్కర్లు వేస్తారు. రోడ్డు మీద జనం మాత్రం ఏదో సబ్బు కంపెనీ ప్రచారం అనుకుని సెల్ఫీలు దిగేవారు.

ఆ కార్లు అమ్మబోయేది యూరప్‌లో. అక్కడివాళ్ళు వేసవి సెలవుల్లో పిల్లాపాపల్ని ఎక్కించుకుని దక్షిణాదికి బయల్దేరితే, మండే ఎండలో బ్యాటరీ, కెమెరాలు, కంప్యూటరు సక్రమంగా పనిచేయాలి కదా. అందుకని ముందే వాటిని ఖతర్ తెచ్చి ఎండలో పెట్టి చూస్తారు. హాట్ వెదర్ టెస్టింగ్ అంటారు దీన్ని. కోనసీమలో మా అమ్మ అప్పడాలకు చేసే పనే. కాకపోతే ఇక్కడ కాకులతో బెడద లేదు.

నా పేరు కృపానందం, నా హోదా వాలిడేషన్ టెక్నీషియన్. కారు ఏం చేస్తానని చెప్పిందో అది చేస్తోందా లేదా అని వెనక సీట్లో కూర్చుని లాప్‌టాప్‌లో చూడడం నా పని. ఇంటర్లో నన్ను వెనక బెంచీకి పంపిన ఫిజిక్సే, ఇప్పుడు వెనక సీట్లో కూర్చోబెట్టి అన్నం పెడుతోంది.

ఆ కారుకు అసలు ఆకర్షణ, హైవే మీద తనంతట తను నడవడం. మీట నొక్కి స్టీరింగ్ వదిలేయొచ్చు. హ్యాండ్స్-ఫ్రీ అంటారు. దాన్ని తెలుగులో ‘చేతులెత్తేయడం’ అని రాస్తే ఒక్క కారు కూడా అమ్ముడుపోదు కాబట్టి అనువాదం జోలికి పోలేదు. చేతులు తీయొచ్చు కానీ కళ్ళు రోడ్డు మీంచి తీయకూడదు. అందుకోసం స్టీరింగ్ వెనక ఒక చిన్న కెమెరా ఉంటుంది. దాని పేరు డ్రైవర్ మానిటరింగ్. మన కళ్ళు, తల కదలికలు చూస్తూ, మనం కునుకు తీస్తున్నామని అనుమానం వస్తే ‘టింగ్’ మని తెర మీద కాఫీ కప్పు బొమ్మ చూపిస్తుంది. వినకపోతే సీటు బెల్టు పట్టి గుంజుతుంది. అప్పటికీ లాభం లేకపోతే నాలుగు లైట్లూ వెలిగించి, కారును మెల్లగా రోడ్డు వారకు తీసుకెళ్ళి ఆపేస్తుంది. స్కూల్లో మా లెక్కల మాస్టారు కూడా ఇదే వరసలో వెళ్ళేవారు, కాఫీ తప్ప.

మా సేఫ్టీ డ్రైవరు మల్లేశం, జగిత్యాల దగ్గరివాడు. కారు తనంతట తను పోతున్నప్పుడు ఏమీ చెయ్యకుండా, తేడా వస్తే అంతా చెయ్యడానికి సిద్ధంగా కూర్చునేవాణ్ణి సేఫ్టీ డ్రైవర్ అంటారు. అంతకుముందు దోహా పక్కనే ఉన్న ఉమ్ సలాల్‌లో ఒక తోటలో పికప్ నడిపాడు, తర్వాత కూలీల క్యాంపులకు నీళ్ళ ట్యాంకరు తోలాడు. ఈ డ్యూటీ వచ్చాక ఊళ్ళో అతని పేరు మారుమోగింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళావిడ ఫోన్ చేస్తే స్పీకరు పెట్టేవాడు.

“కారు దానంతటదే పోతుంటే నీకెందుకిస్తున్రయ్యా జీతం?”

“అది మంచిగ పోతుందా లేదా అని చూసుడే నా పని.”

“ఊకె చూస్తె పైసలిస్తరా? దుబాయ్‌ల గట్ల గూడ ఉంటదా?”

ఇది దుబాయ్ కాదని చెప్పడం అతను ఎప్పుడో మానేశాడు. కూతురు ఒక బొమ్మ గీసి పంపింది. అందులో ఎర్ర కారు, లోపల దర్జాగా చేతులు కట్టుకు కూర్చున్న నాన్న. అది అతని ఫోన్‌కి వాల్‌పేపరు. మాకు రోజుకోసారైనా చూపించేవాడు.

డ్రైవర్ మానిటరింగ్ సరిగ్గా పనిచేస్తోందని సంతకం పెట్టాల్సిన మనిషి హెన్రిక్. స్వీడన్ ఇంజనీరు, ఆరడుగుల పైమాటే, ముందు సీటు ఎంత వెనక్కి జరిపినా మోకాళ్ళు డ్యాష్‌బోర్డును పరామర్శిస్తూనే ఉండేవి. మామూలుగా మితభాషి. కానీ కారు గురించి మొదలుపెట్టాడంటే, లుసైల్‌లో ఎత్తుకున్న వాక్యం ముప్పై కిలోమీటర్ల అవతల అల్ ఖోర్ దగ్గర గానీ దింపడు. నెల తిరిగేసరికి మాతోపాటే కూర్చుని నేను వండి తెచ్చిన చేపల పులుసు తినడానికి అలవాటుపడ్డాడు. “ఇంకొంచెం వెయ్యనా?” అంటే తల అటూ ఇటూ ఆడించేవాడు. అవునో కాదో అడక్కుండా నేను వేసేసేవాణ్ణి.

ఇలా హాయిగా సాగుతుండగా కారు మల్లేశం మీద కత్తిగట్టింది. హెన్రిక్ ముందు సీట్లో కూర్చుని వివరిస్తూ ఉంటాడు, మల్లేశం రోడ్డు చూస్తూ వింటూ ఉంటాడు, ఉన్నట్టుండి టింగ్! కాఫీ కప్పు. ఒకరోజైతే బెల్టు గుంజి, లైట్లు వెలిగించి, వారకి తీసుకెళ్ళి ఆపేసింది కూడా.

“నేను పండుకోలేదన్నా!” అన్నాడు మల్లేశం నాకేసి తిరిగి. “ఒట్టు. కండ్లు తెరిచే ఉన్న. గీ కారుకు నా మీద ఏం పగనో!”

కెమెరా మొహాన్ని ఫోటో తీసి దాచదు, అంకెలు మాత్రమే రాస్తుంది. ఆ అంకెల్లో అతని తల నిజంగానే వాలుతోంది, లేస్తోంది, మళ్ళీ వాలుతోంది. వెనక సీట్లోంచి నాకు కనిపించేది హెడ్‌రెస్టు, దానికి అటూ ఇటూ రెండు చెవులు. చెవుల్ని బట్టి నిద్ర కనిపెట్టే విద్య నాకు రాదు.

హెన్రిక్ మృదువుగానే చెప్పాడు. “దీన్ని మైక్రోస్లీప్ అంటారు. కళ్ళు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం రెప్పపాటు నిద్రపోతుంది. ఆ మనిషికి కూడా తెలియదు.”

ఆ మాటతో మల్లేశం కుదేలైపోయాడు. నిద్రపోయినట్టు తనకే తెలియకపోతే, పోలేదని ఒట్టు ఎలా పెడతాడు? రాత్రి తొందరగా పడుకున్నాడు. షుగరు పరీక్ష చేయించుకున్నాడు, లేదన్నారు. నిద్ర రాకుండా చిక్కటి కరక్ చాయ్ కప్పు మీద కప్పు తాగాడు. అయినా హెన్రిక్ పక్కన కూర్చోగానే టింగ్. విచిత్రం ఏమిటంటే నేనొక్కణ్ణే ఉన్నప్పుడు కారు కిక్కురుమనేది కాదు. ఎండలో నేను మాట్లాడే రకం కాదు, దాచుకున్న ఓపిక సాయంత్రం చర్చి కాయిర్‌లో ఖర్చు పెడతాను.

“మల్లేశం చాలా మంచి మనిషి,” అన్నాడు హెన్రిక్ ఒక బుధవారం నాతో. “కానీ రేపు యూరప్‌లో ఎవరో ఒక తల్లి పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఈ కారును నమ్ముతుంది. తప్పు మనిషిదా, కెమెరాదా తేలకుండా నేను సంతకం పెట్టలేను. శుక్ర, శనివారాల సెలవయ్యాక ఆదివారం నుంచి వేరే డ్రైవరు వస్తాడు. రేపు కారు నేనే నడిపి చూస్తాను.”

చెప్పే బాధ్యత నా మీద పడింది. మల్లేశం విని, ఫోన్ తీసి కూతురి బొమ్మ చూసుకున్నాడు.

“మళ్ళ ట్యాంకరేనా అన్నా?”

“ఏమోనయ్యా. చూద్దాం.”

“ట్యాంకరైతే ఏంది, పనే గదా. గని బిడ్డకేం చెప్పాలె? బొమ్మల చేతులు మళ్ళ స్టీరింగ్ మీద గీయుమనాల్నా?”

గురువారం పొద్దున హెన్రిక్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మల్లేశం పక్క సీట్లో, నేను యథాప్రకారం వెనక. ఎండ కళ్ళలో కొడుతోందని, ఎప్పటిలాగే ముందున్న ఇద్దరూ కంపెనీ ఇచ్చిన నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. హైవే ఎక్కగానే హెన్రిక్ మీట నొక్కి చేతులు తీశాడు. కారు బుద్ధిగా పోతోంది.

ఎలాగూ ఆఖరి రోజే అనుకున్నాడో ఏమో, ఉమ్ సలాల్ దాటుతుంటే మల్లేశం నోరు విప్పాడు. ఇన్నాళ్ళూ వినడమే తప్ప మాట్లాడని మనిషి, వచ్చిన ఇంగ్లీషూ రాని ఇంగ్లీషూ కలిపి మొదలెట్టాడు.

“సార్, దిస్ సైడ్ మై ఓల్డ్ తోట. ఓనర్ గుడ్ మ్యాన్. గోట్స్ నాట్ గుడ్. వన్ గోట్ సార్, బిగ్ షైతాన్! పికప్ డోర్ ఓపెన్, ఇమ్మీడియెట్ డ్రైవర్ సీట్ల సిట్టింగ్! నేను గెట్ డౌన్ అంటె అది హారన్ కొట్టింది సార్!”

హెన్రిక్ నవ్వుతూ రోడ్డు చూస్తూ వింటున్నాడు. ఆ మేక ఓనరు తలపాగా నమిలేసిన ఘట్టం నడుస్తుండగా—

టింగ్.

తెర మీద కాఫీ కప్పు.

“నేను నిద్రపోవడం లేదు!” అన్నాడు హెన్రిక్.

ఆ మాట నేను ఎక్కడో విన్నాను. మల్లేశం కూడా విన్నాడనుకుంటా, టక్కున ఆగిపోయాడు.

“ఆగకు, చెప్పు. తర్వాత మేక ఏం చేసింది?” అన్నాడు హెన్రిక్. మల్లేశం మళ్ళీ అందుకున్నాడు. హెన్రిక్ వింటూ ‘ఊఁ, ఊఁ’ అన్నాడు. మళ్ళీ టింగ్. ఈసారి నేను ముందుకు వంగి, చెవులు కాకుండా మనిషిని చూశాను. ఆ స్వీడన్ దేశస్థుడి తల కుడికి ఒరిగి, కాస్త వాలి, ఎడమకు ఒరిగి, లేచి, అచ్చం ఊరగాయ బాగుందని చెప్పే మా మావయ్య తల ఆడినట్టు ఆడుతోంది. అంతలోనే బెల్టు గుంజింది. లైట్లు వెలిగాయి. కారు మర్యాదగా వారకు వెళ్ళి ఆగింది.

మల్లేశం మొహంలో ఏ భావమూ లేకుండా అడిగాడు:

“సార్, కాఫీ?”

ముగ్గురం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

తర్వాత హెన్రిక్ ఫోన్ నాకిచ్చి తన మొహాన్నే వీడియో తీయించుకుని, మేక కథ మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకున్నాడు. చూసుకుని బిత్తరపోయాడు. “ఇది నాకెప్పుడు వచ్చింది?”

“పులుసుతో వచ్చిందండీ,” అన్నాను. నాకప్పుడు వెలిగింది. మనం వింటున్నామని చెప్పడానికి తల ఊపుతాం. ఊపుతున్నామని మనకు తెలియదు, ఎదుటివాడు ఊపుతున్నాడనీ గమనించం. ఊపకపోతేనే “ఏమిటి, వినడం లేదా?” అని అడుగుతాం. కెమెరా మొదట కళ్ళను చూస్తుంది. ఆ నల్లద్దాల్లోంచి కళ్ళు కనబడక తల ఒక్కదాన్నే నమ్ముకుంది. దానికి తల ఊపడం నేర్పినవాళ్ళెవరూ లేరు. దానికి తెలిసిన లోకంలో తల వాలిందంటే నిద్రే. మల్లేశం ఎంత శ్రద్ధగా వింటే అంత నిద్రపోతున్నట్టు లెక్క.

నిర్ధారణ కోసం అక్కడే, వారకు ఆగిన కారులో, హెన్రిక్ మమ్మల్ని ఒక్కొక్కరినీ డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తల ఊపించాడు. ఇంతలో ఒక ల్యాండ్ క్రూజర్ పక్కన ఆగింది. అందులోని ఖతరీ పెద్దాయన అద్దం దించి, కారులో తలలూపుతున్న ముగ్గురు మగాళ్ళను పరకాయించి చూసి, “కుల్లు తమామ్?” అన్నాడు. అంతా క్షేమమేనా అని. మల్లేశం నోటితో జవాబివ్వలేదు. తల ఊపాడు. పెద్దాయనకు అర్థమైంది, వెళ్ళిపోయాడు. ఆయన చూసింది కెమెరాతో కాదు కదా.

ఆదివారం కొత్త డ్రైవరు రాలేదు. దానికి బదులు షెడ్డు ముందు జనం బారులు తీరారు. తల ఊపడమంటే ఏమిటో కారుకు నేర్పాలంటే రకరకాల తలలు కావాలి. ఆంధ్రా తలలు, తెలంగాణ తలలు, మలయాళీ తలలు, నేపాలీ తలలు. మా చర్చి కాయిర్ మొత్తం వచ్చింది. ‘పాడాలా?’ అన్నారు, ‘ఊపితే చాలు’ అన్నాను. అందరికీ తర్ఫీదు ఇచ్చింది మల్లేశం. “కావాలని ఊపద్దు భయ్యా. గట్ల రాదు. ముందుగాల ముచ్చట వినుండ్రి, తల దానంతటదే ఊగుతది,” అంటూ మేక కథ అందరికీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ మేక కొంచెం పెరిగింది.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక మల్లేశం స్టీరింగ్ ముందు, హెన్రిక్ పక్కన, లుసైల్ నుంచి అల్ ఖోర్ దాకా వెళ్ళాం. హెన్రిక్ ఎప్పటిలాగే ఒకే వాక్యం చెప్పాడు. మల్లేశం తల కొబ్బరాకులా ఊగింది. కారు చప్పుడు చెయ్యలేదు. తర్వాత మల్లేశం తల వాల్చి నిద్ర నటించాడు, టింగ్ అంది. హెన్రిక్ సంతకం పెట్టాడు.

ఇప్పుడు ఆ కార్లు యూరప్ రోడ్ల మీద తిరుగుతున్నాయి. మొన్న హెన్రిక్ ఫోన్ చేశాడు. తను నడుపుతుంటే పక్కన భార్య ఏదో చెబుతోందట, తను తల ఊపుతున్నాడట. “కారు నన్ను నమ్మింది, మిస్టర్ కృపా. మా ఆవిడే ఇంకా నమ్మడం లేదు,” అన్నాడు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్నదే. ఎవరైనా నిద్రపోతున్నాడని రాసేముందు, అతను ఎవరి మాట వింటున్నాడో ఒకసారి చూడాలి. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు ఇది చెబుతుంటాను. వాళ్ళు తలలూపుతారు. విన్నారనే అనుకుంటాను.

మల్లేశం అదే డ్యూటీలో ఉన్నాడు. కూతురు కొత్త బొమ్మ పంపింది. కారులో నాన్న చేతులు కట్టుకునే ఉన్నాడు. తల చుట్టూ మాత్రం ఊగుతున్నట్టు చిన్న చిన్న గీతలు. సంగతంతా విన్న వాళ్ళావిడ స్పీకరులో అడిగింది:

“అయితె కారు దానంతటదే పోతది, నువ్వు తల ఊపుకుంట కూసుంటవు. గంతేనా?”

“గంతే.”

“గా పని ఇంట్ల గూడ చేస్తవు గదనయ్యా.”

“చేస్త,” అన్నాడు మల్లేశం, పళ్ళెంలో పులుసు కలుపుకుంటూ. “గని ఆడ జీతమియ్యరు.”