రెండో రోజు పులుసు

నా చిన్నప్పుడు నెల్లూరు చూసొచ్చిన పిల్లకు బళ్ళో వారం రోజులు పట్టాభిషేకమే. గుడి గోపురం, పెన్న వంతెన, సినిమాహాలు, పెద్ద బజారు, ఏదీ వదలకుండా చెప్పాలి. ఒక్కటి తప్పినా 'నువ్వు బస్టాండే చూసొచ్చావులే' అని ఏడిపించేవాళ్ళు. అందుకే మా తాతయ్య నెల్లూరు తీసుకుపోతానన్నప్పటి నుంచి, అల్లూరులో బస్సెక్కేదాకా నాకు కాలు నిలవలేదు.

తాతయ్య మాత్రం బస్సు దిగగానే నన్నొక ఇరుకు సందులోకి నడిపించాడు. అది మా నాయనమ్మ పుట్టి పెరిగిన సందు. ఆమె పోయి అప్పటికి ఏడాది. ఆయన ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పలకరించాడు. ఆమె నీళ్ళు తోడిన బావి చూపించి, ఒరమీద తాడు ఒరిసి పడిన గాడిలో నా వేలు పెట్టించాడు. మధ్యాహ్నమైనా మేము ఆ సందు దాటలేదు.

చివరి ఇంట్లో నాయనమ్మ స్నేహితురాలు, ఒక అవ్వ, ఉండేది. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర వంట నేర్చుకున్నవాళ్ళట. తాతయ్యను చూసి కళ్ళు తుడుచుకుని, మామిడికాయ వేసి కొరమీను పులుసు పెట్టింది. ఆ పులుసు రుచంతా మర్నాటికే.

"రాత్రికి ఈడనే పడుకుందాం అమ్మణ్ణీ. పొద్దున్నే దోసెల్లో పులుసు పోసుకుని తిందాం," అన్నాడు తాతయ్య.

'ఇంతేనా నెల్లూరు?' అని నేను గుమ్మంలో కూలబడి రాగం తీశాను. తాతయ్య కాసేపు నన్నూ, పొయ్యిమీది చట్టినీ మార్చి మార్చి చూశాడు.

"బిడ్డను తిప్పుకొనొస్తా. చట్టి అట్నే ఉంచు," అని అవ్వకు చెప్పి రిక్షా పిలిచాడు.

సాయంత్రానికి అన్నీ చూసేశాను. బస్టాండు ముందు అల్లూరు బస్సు కనబడగానే ఇంటికి పోదామని తాతయ్య పంచె పట్టుకు లాగాను. పొద్దున బళ్ళో చెప్పాలి కదా! ఆయన సందు వైపు ఒకసారి చూసి, "ఇంకోసారి తిందాంలే," అని బస్సెక్కాడు.

ఆ నెల తిరక్కుండానే తాతయ్య పోయాడు.

పదేళ్ళకు కాలేజీలో చేరడానికి నెల్లూరు వెళ్ళి ఆ సందు వెతుక్కున్నాను. అవ్వ నన్ను ఆనవాలు పట్టింది. నేను చెప్పేదాకా తాతయ్య పోయిన సంగతే ఆమెకు తెలియదు. విని పొయ్యి వైపు చూసింది.

"మూడు రోజులు కాచి కాచి పెట్టినాను బిడ్డా. ఎవురికీ పెట్టలేదు. ఆయన నిదానస్తుడు గదా, యాడో ఆగుంటాడు, వస్తాడులే అనుకున్నా," అంది.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయనకు మిగిలిన ఒక్క కోరికను నేనే కాలదన్నాను.

ఇప్పుడు మా మనవలు ఒక్కరోజులో పది చోట్లు చూడాలని ఫోనులో రాసుకుని బయల్దేరతారు. నేను ఏ ఊరు పోయినా ఒక్క సందే ఎంచుకుంటాను. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున ఆ వీధివాళ్ళు తినే చోటే కూర్చుంటాను. నెల్లూరయితే దోసె, నిన్నటి పులుసు. మొదటి ముక్క తుంచి చాలాసేపు నోట పెట్టలేను. ఇంటికి పోదామని ఇంక అడగను, నిదానంగా తిను తాతయ్యా, అని మనసులో అనుకుంటాను.